నల్లబడే పడక, తెల్లబడే ట్యూబు

ఒళ్లు నల్లబరచుకోవడానికి ఎదురు డబ్బిచ్చే మనిషి శావల్యాపురంలో దొరకడు. గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలు మార్గంలో వినుకొండకు ముందు వచ్చే ఊరిది. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను వచ్చి కలిసేదీ ఇక్కడే. చుట్టూ పత్తి, మిరప, కాలువ నీళ్లందిన చోట వరి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల కూడా ఈ పల్నాడు జిల్లాలోదే. ఎండ ఇక్కడ ఊరికే వస్తుంది, అక్కర్లేనంత వస్తుంది. అలాంటి చోట, గదిలో దీపాల కింద పడుకుని ఒళ్లు కమిలించుకునే ఇండోర్ ట్యానింగ్ ముచ్చట మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ పడకల మీద అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియాల్లో జరిగిన వాదన మన మెడికల్ షాపు బల్ల దగ్గర జరగాల్సి ఉండీ జరగలేదు కాబట్టి. వాళ్లు నల్లబడటానికి పడక కొన్నారు, మనం తెల్లబడటానికి ట్యూబు కొంటున్నాం. కోరికలు ఉత్తర దక్షిణాలు, వ్యాపారం ఒకటే. ఒంటిరంగు మార్చే ఏ సరుకునైనా డబ్బా మీది పేరును బట్టి కాదు, చర్మం లోపల అది చేసే పనిని బట్టి లెక్కగట్టాలన్నది ఈ వ్యాసం వాదన. అలా లెక్కగడితే, సన్‌బెడ్‌నూ స్టెరాయిడ్ కలిసిన తెల్లబడే క్రీమునూ ఒకే గాటన కట్టక తప్పదు.

ముందు చర్మం సంగతి. పై పొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి, చిన్న చిన్న రేణువులుగా పక్క కణాలకు అందిస్తాయి. ఆ రేణువులు కణకేంద్రకం మీద గొడుగులా సర్దుకుని, లోపలి డీఎన్‌ఏకు అతినీలలోహిత కిరణాలు తగలకుండా కాస్తాయి. నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ మెలనోసైట్ల సంఖ్య దాదాపు సమానమే. తేడా అంతా అవి చేసే మెలనిన్ మోతాదులో, రకంలో, రేణువుల పరిమాణంలో ఉంటుంది. ఎండలో తిరిగితే నల్లబడటం ఎందుకో కూడా ఇప్పుడు స్పష్టంగా తెలుసు. కిరణాలు తగిలి డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణం ఒక సంకేతం పంపుతుంది, దానికి జవాబుగా మెలనిన్ ఉత్పత్తి పెరుగుతుంది. అంటే ట్యాన్ అనేది జరిగిన దెబ్బకు రశీదు. నల్లని చర్మం పై పొరకు సుమారు 13, తెల్లని చర్మానికి సుమారు 3 ఎస్‌పీఎఫ్‌తో సమానమైన కాపుదల సహజంగా ఉంటుందని 1979లోనే కొలిచారు. భారతీయ క్యాన్సర్ రిజిస్ట్రీల్లో మెలనోమా లక్ష మందికి ఒకటి కూడా మించకపోవడానికి పెద్ద కారణం ఇదే. చామనఛాయ మనిషి ఒంటిమీద పుట్టుకతో వచ్చిన సన్‌స్క్రీన్ ఉంది. దాన్ని తీసేయమని డబ్బిచ్చి అడుగుతున్నాడు, అంతే.

మరి తెల్లవాళ్లు దాన్ని డబ్బిచ్చి ఎందుకు తెచ్చుకోవాలనుకున్నారు? ఐరోపాలో ఒకప్పుడు తెల్లని చర్మం నీడపట్టున కూర్చునే వర్గానికి గుర్తు. కూలిజనం పొలాలు వదిలి ఫ్యాక్టరీల్లోకి వెళ్లాక లెక్క తిరగబడింది. పాలిపోయిన ఒళ్లు కార్మికుడిది, ఎండకు కమిలిన ఒళ్లు సముద్రతీరంలో సెలవులు గడపగల వాడిదీ అయింది. చర్మక్షయకు కాంతితో చికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి రావడంతో వెలుతురంటే ఆరోగ్యమన్న నమ్మకం బలపడింది. 1920ల్లో ఫ్యాషన్ దాన్ని అందిపుచ్చుకుంది. 1970ల చివర్లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ వోల్ఫ్ దీపాల పడకలను వ్యాపారంగా మార్చాడు. మిరప కోతలకు వెళ్లే మనిషి ఒంటిరంగును చిన్నచూపు చూసే పల్నాటి పెళ్లిచూపుల బుద్ధీ, సముద్రతీరపు ట్యాన్‌ను మెచ్చుకునే అక్కడి బుద్ధీ వేరువేరు కావు. రెండుచోట్లా రంగు చెప్పేది ఒకటే: ఈ మనిషికి ఎండలో పనిచేయక తప్పని అవసరం ఉందా, లేదా? అందం పేరుతో కొలుస్తున్నది తీరుబడిని, ఆస్తిని.

ఆ పడకలు ఇచ్చే వెలుగులో అధికభాగం యూవీ-ఎ. ఎర్రగా కాల్చే యూవీ-బి పాలు తక్కువ కాబట్టి ఇది సురక్షితమని తొలినాళ్లలో ప్రచారం చేశారు. యూవీ-ఎ చర్మంలో లోతుకు దిగుతుంది, ముడతలు తెస్తుంది, డీఎన్‌ఏను పరోక్షంగా దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2006లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. 35 ఏళ్లలోపే సన్‌బెడ్ మొదలుపెట్టిన వారిలో మెలనోమా ముప్పు 75 శాతం ఎక్కువని తేల్చింది. 2009లో ఆ పడకలను పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. అదే ఏడు బ్రెజిల్ అందం కోసం వాడే పడకలను పూర్తిగా నిషేధించింది. ఆస్ట్రేలియాలో 26 ఏళ్ల క్లేర్ ఆలివర్ మెలనోమాతో 2007లో కన్నుమూసింది. తాను పడకలు వాడిన సంగతి చెప్పి, చివరి రోజుల్లో ఆమె చేసిన విజ్ఞప్తి దేశాన్ని కదిలించింది. 2016 నాటికి వాణిజ్య పార్లర్లు అక్కడ చాలావరకు మూతపడ్డాయి. అమెరికా అంత దూరం పోలేదు. 2010లో పది శాతం పన్ను వేసింది, 2014లో 18 ఏళ్లలోపు వారు వాడకూడదన్న హెచ్చరికను యంత్రం మీద తప్పనిసరి చేసింది. దేశానికో తీరు ఉన్నా, ఒక్క మార్పు అంతటా కనిపిస్తుంది. పార్లర్ యజమాని అందమని పేరు పెట్టినదాన్ని ప్రభుత్వం కిరణాల యంత్రంగా చూడటం మొదలుపెట్టింది.

పడకతోపాటు అమ్మే లోషన్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏ లోషన్ ఎవరికి నప్పుతుందన్న సలహాల మీద అక్కడ ఒక చిన్న పరిశ్రమే నడిచింది. చర్మాన్ని ఆరు రకాలుగా విడదీసిన ఫిట్జ్‌పాట్రిక్ పట్టికను పార్లర్లు అందుకు వాడుకున్నాయి. 1975లో తొలి రూపం దిద్దుకున్న ఆ పట్టిక సోరియాసిస్ రోగులకు కాంతి చికిత్స మోతాదు నిర్ణయించడానికి పుట్టింది. వైద్యం కోసం తయారైన కొలబద్ద అమ్మకాల పుస్తకంలోకి ఎక్కడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. పడక మీద రాసుకునే లోషన్లలో ఎక్కువ భాగం తేమనిచ్చే పదార్థాలే. కొన్నిటిలో టైరోసిన్ కలుపుతారు, మెలనిన్‌కు ముడిసరుకు అది కాబట్టి. పైన పూస్తే రంగు పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. కొన్ని చురుక్కుమనిపించి, రక్తప్రసరణ పెంచి, ఏదో జరుగుతోందన్న నమ్మకం కలిగిస్తాయి. సన్‌స్క్రీన్ కలవని ట్యానింగ్ లోషన్ మీద అది ఎండకు చర్మం కాలకుండా కాపాడదని రాయాలని అమెరికా నిబంధన. ఇక మూడో రకం ఎండా దీపం రెండూ లేకుండా రంగు తెచ్చేది. డైహైడ్రాక్సీ అసిటోన్ అనే చక్కెర జాతి పదార్థం చర్మం పైపైన ఉండే మృతకణాల్లోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగు తెస్తుంది. పెనం మీద దోసె ఎర్రబడేదీ ఈ జాతి చర్యతోనే. 1950ల్లో సిన్సినాటిలో ఇవా విట్‌గెన్‌స్టైన్ పిల్లల జబ్బు పరిశోధనలో దాన్ని తాగిస్తుంటే, ఒలికిన చోట చర్మం గోధుమరంగు తిరగడం గమనించింది. వారం లోపల మృతకణాలు రాలి రంగు పోతుంది. పీల్చకుండా, కళ్లకు పెదవులకు తగలకుండా వాడితే, మొత్తం ఈ సరుకుల్లో తక్కువ హాని ఉన్నది అదే. కారణం సులువు: బతికున్న కణాల జోలికి అది పోదు. సరుకును దాని పనిని బట్టి చూడాలన్నప్పుడు చెప్పదలచినది ఇదే.

ఈ కొలతను మన ట్యూబుల మీద పెడదాం. తెల్లబడాలన్న ఆరాటానికి మన దేశంలో పాత వ్యాపార చరిత్ర ఉంది. బొంబాయిలో అఫ్గాన్ స్నో 1919లో వచ్చింది. హిందూస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీని 1975లో తెచ్చింది, 2005లో ఇమామీ మగవాళ్ల ముఖాలనూ లెక్కలోకి తీసుకుంది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. ఈ పెద్ద కంపెనీల క్రీముల్లో సాధారణంగా ఉండేది నియాసినమైడ్ వంటి మెత్తని పదార్థాలు, సన్‌స్క్రీన్. వాటివల్ల జరిగే నష్టం ఎక్కువగా మనసుకు, జేబుకు. పుట్టుకతో వచ్చిన రంగు క్రీముతో ఎంత మారుతుందో ఊహించడానికి ఒక్క లెక్క చాలు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్టోనియా పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన పరిశోధనలో ఆంధ్ర ప్రాంతపు కులాల వారి చర్మపు రంగును కొలిచి జన్యువులు పరీక్షించారు. మనుషుల మధ్య రంగు తేడాలో పావు వంతుకు పైగా ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే ఒక్క జన్యువులోని ఒక్క అక్షరం మార్పుతోనే వివరించవచ్చని తేలింది. ఆ అక్షరం వేల ఏళ్లనాటిది. ట్యూబు దాన్ని ముట్టుకోలేదు.

అసలు ప్రమాదం ఇంకో అరలో ఉంది. మెడికల్ షాపులో పిల్లలకో పెద్దలకో ముఖం మీద మచ్చలకు ఏదైనా ఇవ్వండని అడిగితే చేతికొచ్చే పదిహేను, ఇరవై గ్రాముల ట్యూబు అది. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్ ఒంటరిగానో, ఇతర మందులతో కలిపో అందులో ఉంటుంది. వీటిలో తెల్లబడటానికి బాగా వాడుకలో ఉన్న మిశ్రమానికి మూలం 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మ వైద్యుడు మంగు మచ్చల కోసం కూర్చిన సూత్రం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. వైద్యుడి కనుసన్నల్లో, కొద్ది వారాలకు పరిమితమైన చికిత్స. మన దగ్గర దాని వారసులు నెలల తరబడి, ఏళ్ల తరబడి రాసుకునే స్నోగా మారారు. స్టెరాయిడ్ నిజంగానే రంగు తగ్గిస్తుంది, అదే వచ్చిన చిక్కు. అది చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, రాసిన చోటు పాలిపోతుంది. ఎంత పాలిపోయిందన్నదే ఏ స్టెరాయిడ్ ఎంత గట్టిదో కొలిచే పరీక్ష. 1962 నుంచి ఔషధశాస్త్రంలో వాడుకలో ఉంది. అంటే అద్దంలో కనిపించే తెలుపు మందు గాఢతకు కొలమానం. మెలనోసైట్ల పని కూడా మందగిస్తుంది. రెండు వారాల్లో ముఖం నున్నగా, తెల్లగా తేలుతుంది. పక్కింటి వాళ్లు ఏం వాడుతున్నావని అడుగుతారు. ట్యూబు ఇంకో ఇంటికి చేరుతుంది.

తర్వాతి అంకం నెమ్మదిగా మొదలవుతుంది. చర్మం పలచబడి దాని కింద ఎర్రని సన్న నరాలు గీతల్లా తేలతాయి. మొటిమలు గుంపులుగా వస్తాయి, ఆడపిల్లల బుగ్గల మీద నూగు దట్టమవుతుంది. ఎండలోకి వెళ్తే మంట, పొయ్యి ముందు నిలబడితే మంట. రాయడం ఆపితే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రగా ఉబ్బి భగభగలాడుతుంది, మళ్లీ రాస్తే చల్లబడుతుంది. దీంతో క్రీమే మందు అన్న నమ్మకం గట్టిపడి వాడకం వ్యసనంలా మారుతుంది. కోల్‌కతా వైద్యులు 2008లో ఈ స్థితికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. 2011లో దేశంలోని 12 కేంద్రాల్లో జరిపిన అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది, అంటే దాదాపు 15 శాతం, స్టెరాయిడ్ క్రీములు రాస్తున్నారు. వారిలో 29 శాతం వాటిని తెల్లబడే క్రీముగానో మామూలు ముఖం క్రీముగానో వాడుతున్నారు. పదిమందిలో ఆరుగురికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. పదిమందిలో తొమ్మిది మందికి దుష్ఫలితాలు కనిపించాయి. శావల్యాపురం లాంటి మండల కేంద్రాల వారు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటి ఆ అధ్యయనంలోనే ఉంది: బాగా గాఢమైన రకాల వాడకం పల్లెల్లో, పట్టణ శివార్లలో ఎక్కువ. ఇది ఆసుపత్రికి వచ్చిన వారి లెక్కే, ఊరందరి లెక్క కాదని గుర్తుంచుకోవాలి. అయినా రానివాళ్లు అంతకంటే క్షేమంగా ఉన్నారనుకోవడానికి ఆధారం ఏముంది?

స్టెరాయిడ్ ట్యూబు మీద కనీసం అందులో ఏముందో రాసి ఉంటుంది. తయారీదారు పేరు లేని, ఎక్కడినుంచో వచ్చిన డబ్బాల్లో అదీ ఉండదు. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది, అందుకే దాన్ని కలుపుతారు. చర్మం గుండా రక్తంలోకి పోయి మూత్రపిండాలను పట్టుకుంటుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. అందులో 15 మందిలో అరుదైన ఒకే రకం జబ్బు బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నియమాలు క్రీముల్లో పాదరసాన్ని కలపనివ్వవు. తెలియక చేరిన అంశం కూడా పది లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. మినమాటా ఒప్పందపు దేశాలు 2023లో ఆ మినహాయింపును కూడా ఎత్తేయాలని నిర్ణయించుకున్నాయి. నియమం గట్టిదే. అయితే అది రిజిస్టరైన కంపెనీని పట్టుకుంటుంది, ఆన్‌లైన్‌లో చేతులు మారే పేరులేని డబ్బాను పట్టుకోలేదు.

ఇంతవరకు చెప్పినదానికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది: ఎవరి ముఖం వారిది, ఎవరి ఇష్టం వారిది, సర్కారుకేం పని? ఇష్టాన్ని గౌరవించాల్సిందే. ఇష్టపడాలంటే ముందు తెలియాలి కదా. సన్‌బెడ్ మీద పడుకునే వయోజనురాలికి క్యాన్సర్ హెచ్చరిక కళ్లెదుట ఉంటుంది, అయినా పడుకుంటే అది ఆమె నిర్ణయం. ముఖానికి రాసే క్రీములో ఏముందో అమ్మేవాడూ చెప్పక, కొనేవాడూ అడగక జరిగే కొనుగోలును స్వేచ్ఛ అనలేం. పైగా ఈ ట్యూబును తమ కోసం కొనుక్కునేవారు తక్కువ. కూతురికి సంబంధాలు రావడం లేదని తల్లి కొంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల ఇష్టం ఎంత, ఆ పిల్ల చుట్టూ ఉన్న మాటల ఒత్తిడి ఎంత అని ఎవరు కొలిచారు?

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. డాక్టర్లే స్టెరాయిడ్ రాస్తారు, డాక్టర్లే కిరణాల గదిలో నిలబెడతారు, మేం చేస్తే తప్పా? నిజమే, చర్మవ్యాధుల విభాగాల్లో కాంతి చికిత్స యంత్రాలు ఉంటాయి. ఒకరకంగా తెలుగు నేల మీద కనిపించే ఇండోర్ ట్యానింగ్ అదే. బొల్లికి బావంచాల వాడకం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. ఆ గింజల్లో ఉండే సోరాలెన్ జాతి పదార్థాన్నే మాత్రగా ఇచ్చి యూవీ-ఎ కిరణాలు పెట్టే పద్ధతి 1974 నుంచి సోరియాసిస్ చికిత్సలో ప్రపంచమంతా పాకింది. ఎక్కువ కాలం అలా చేస్తే క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలాక, ఇప్పుడు 311 నానోమీటర్ల సన్నని యూవీ-బికి ప్రాధాన్యం ఇస్తున్నారు. ఈ కథలోనే జవాబుంది. కొలిచిన మోతాదు, రాసిపెట్టిన లెక్క, హాని కనిపిస్తే పద్ధతి మార్చుకోవడం, వీటన్నిటికీ ఎదురుగా ఒక జబ్బు. బొల్లి ఉన్న మనిషికి ముప్పును మించిన లాభం ఉంది. చామనఛాయ జబ్బు కాదు కాబట్టి తక్కెడలో లాభం వైపు పెట్టడానికి ఏమీ లేదు. మందు అదే అయినా న్యాయం వేరు.

మూడోది పల్లె నుంచి వచ్చేది, నిజాయితీ ఉన్నది. స్కిన్ డాక్టర్ కావాలంటే నరసరావుపేటకో గుంటూరుకో పోవాలి, ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు, ఫీజు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ట్యూబు ఆ ఖర్చులో ఎన్నో వంతుకే దురద తగ్గిస్తుంది. చీటీ ఉంటేనే అమ్మాలంటే పేదవాడి నోట్లో మట్టి కొట్టినట్టు కాదా? 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్లను చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చినప్పుడు కూడా ఈ మాట వినిపించింది. దురద రెండు రోజుల్లో తగ్గేమాట వాస్తవం. తామరకు స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు రాస్తే మంట తగ్గి, ఫంగస్ మాత్రం లోపల్లోపల పాకుతుంది. మామూలు మందులకు లొంగని తామర దేశమంతా పెరగడానికి చర్మ వైద్యులు చూపే కారణాల్లో ఈ మిశ్రమాలు ముందుంటాయి. చౌకగా మొదలైన వైద్యం ఆరు నెలల మాత్రల ఖర్చుకు, ఇంటిల్లిపాదికీ అంటుకోవడానికి దారితీస్తే పేదవాడికి మిగిలిందేమిటి? అందుబాటు లేదన్న ఫిర్యాదుకు జవాబు డాక్టరును దగ్గరకు తేవడంలో ఉంది. చర్మం జబ్బును ఫొటోలో చూసి చాలావరకు గుర్తించవచ్చు. పీహెచ్‌సీ నుంచి ఈ-సంజీవని వంటి టెలివైద్యానికి ఇంతకంటే అనువైన శాఖ ఇంకోటి లేదు.

నాలుగో అభ్యంతరం సంస్కర్తలది. ట్యూబును పట్టుకుని ఏం లాభం, రంగు మీద ఉన్న ఏవగింపు పోవాలి గానీ అంటారు. వారి మాటలో సత్యం లేకపోలేదు. విజయవాడ మూలాలున్న కుటుంబంలో పుట్టిన నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం పెట్టుకున్నప్పుడు, ఈ రంగుతో ఇండియాలో గెలిచేదా అన్న ప్రశ్న మన పత్రికల్లోనే వచ్చింది. ఆ తర్వాత ఆమె రంగు వివక్ష మీదే ప్రచారం చేపట్టింది. మన తెరమీద నాయికల రంగు చూసి ఇది తెలుగు సినిమా అని ఎవరూ పోల్చుకోలేరు. అక్కడే సాయిపల్లవి పెద్ద మొత్తం ఇస్తామన్న ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదనడం వార్త అయింది, అంటే కాదనడం ఎంత అరుదో చూడండి. ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2014లో నల్లవాళ్లను చిన్నబుచ్చే ప్రకటనలు కూడదంది. 1954 నాటి ఆక్షేపణీయ ప్రకటనల చట్టంలో చర్మం తెల్లబరచడాన్ని చేర్చి శిక్షలు పెంచాలని 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. ఇవన్నీ కావాల్సినవే. బుద్ధులు మారడానికి తరాలు పడుతుంది, స్టెరాయిడ్ ముఖాన్ని పాడుచేయడానికి నెలలు చాలు. సన్‌బెడ్లను నియంత్రించిన దేశాలు ట్యాన్ మీద మోజు పోయేదాకా ఆగలేదు. మోజు ఇప్పటికీ ఉంది, పడకలు తగ్గాయి.

మిగిలిన రెండు మాటలు త్వరగా చెప్పుకోవచ్చు. సున్నిపిండి, పసుపు, శనగపిండి మురికినీ జిడ్డునూ తీస్తాయి, రంగు మార్చవు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మాత్రం చర్మం మచ్చలు పడేలా కాలవచ్చు. పార్లర్లలో డీట్యాన్ అని చేసేదాంట్లో బ్లీచ్ ప్రధానం. ముఖం మీది వెంట్రుకల రంగు పోతుంది కాబట్టి ముఖం తేటగా కనిపిస్తుంది. ఇక డి విటమిన్ కోసమైనా ఎండ కావాలి కదా అనేవారికి: కావాలి. తిరుపతి స్విమ్స్ వైద్యులు చేసిన పరిశీలనల్లో అంత ఎండ ఉన్న చోట కూడా, పొలం పనివారిలో సైతం, ఆ విటమిన్ చాలడం లేదని తేలింది. అది రక్త పరీక్షతో, మాత్రతో తీరే సమస్య. యూవీ-ఎ పడకతో తీరదు, ఎందుకంటే డి విటమిన్ పుట్టించేది యూవీ-బి.

అయితే ఏ లోషన్ కొనాలి? ఎండలో పనిచేసేవారికి మొదటి జవాబు లోషన్ కాదు. మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టి, బుగ్గల మీదుగా లాగి కట్టుకుంటారు. నేత దట్టమైన ఆ చొక్కా చేసే కాపుదల ఖరీదైన సీసా కూడా చేయలేదు, చెమటకు కారిపోదు. మంగు మచ్చలున్నవారికి, ఎండకు దద్దుర్లు వచ్చేవారికి, బొల్లి ఉన్నవారికి సన్‌స్క్రీన్ అవసరమే. 30 లేదా ఆపైన ఎస్‌పీఎఫ్, యూవీ-ఎకు పీఏ గుర్తు పక్కన మూడు ప్లస్‌లు ఉంటే చాలు. 100 అని రాసిన సీసాకు రెట్టింపు ధర పెట్టనక్కర్లేదు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకోవాలి, సాధారణంగా రాసేది అందులో మూడో వంతు. మంగును కంటికి కనిపించే వెలుగు కూడా పెంచుతుంది, కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వారికి మేలు. ముఖానికి రాసే ఏ ట్యూబు మీదైనా ఆర్‌ఎక్స్ గుర్తు, ఎడమ పక్క నిలువునా ఎర్ర గీత ఉంటే అది మందు, సౌందర్య సాధనం కాదు. కూర్పులో సోన్, సోల్ అని ముగిసే పేరుంటే అది స్టెరాయిడేమో అడగాలి. క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందులూ సోల్‌గానే వినిపిస్తాయి కాబట్టి అడగకుండా తీర్మానించకూడదు. కూర్పే రాసి లేకపోతే కొనకూడదు.

ఔషధ నియంత్రణ అధికారులు నియమాల పుస్తకంలో కొత్త పేజీ చేర్చాల్సిన పనిలేదు. 2018 నోటిఫికేషన్‌ను మండల కేంద్రాల షాపుల్లో అమలు చేసి, ఎన్ని స్టెరాయిడ్ ట్యూబులు చీటీ లేకుండా పోతున్నాయో బిల్లులు చూస్తే చాలు. ఆ పని వాళ్లది. ఇది చదువుతున్నవారి ఇంట్లో ఎవరైనా నెలల తరబడి ఇలాంటి ట్యూబు రాస్తుంటే, భయపడి ఈ రోజే విసిరేయకండి. ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుంది, ఆ బాధకు తట్టుకోలేక మళ్లీ అదే రాస్తారు. ట్యూబును చేత్తో పట్టుకుని చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్లండి, ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి. నెమ్మదిగా ఎలా మానాలో వాళ్లు చెబుతారు.